ఆటోమేటిక్ గేరు కుదుపు: పానగల్లులో మామా అల్లుళ్ల సంవాదము

ఇరువది యేండ్ల క్రిందట నల్లగొండ వీథులలో క్లచ్చు పెడలు లేని కారు కనబడుట అరుదు. హైదరాబాదు ట్రాఫిక్కునకు వేసారి ఆటోమేటిక్ కార్లు కొన్నవారు వాటిని కొన్నేండ్లు నడిపి అమ్మివేయగా, అవి సెకండ్ హ్యాండు బజారు మీదుగా జిల్లా పట్టణములకు చేరి, ఇక్కడి రెండవ యజమానికో మూడవ యజమానికో దక్కి, పదునైదేండ్ల ప్రాయము సమీపించినను బ్యాంకునకు, సంతకు, ఆసుపత్రికి తిరుగుచునే యున్నవి. ఇంజిను బాగున్నను, చక్రములు బాగున్నను, ఈ బండ్లలో పెక్కింటికి ఒక్కటే వ్యాధి: గేరు మారినప్పుడెల్ల బండి అదరిపడుట. ఈ బాధ చెప్పుకొని షెడ్డుకు పోయినవారికి ‘గేర్‌బాక్సు పోయింది, దింపాలె’ అను మాట తప్ప వేరు సమాధానము దొరకుట కష్టముగా నున్నది. ఆ మాట ఎంతవరకు నిజము, ఎంతవరకు తొందరపాటు అని విచారించిన వాదమొకటి పానగల్లులో నేను వింటిని.

పానగల్లు నల్లగొండను ఆనుకొని యున్న ఊరు. ఒకప్పుడు కుందూరు చోడుల రాజధాని. ఉదయసముద్రమను పెద్ద చెరువును, పచ్చల సోమేశ్వర, ఛాయా సోమేశ్వర ఆలయములును ఆ పూర్వవైభవమునకు నేటికిని సాక్ష్యము పలుకుచున్నవి. అచ్చట నివసించు ఒక విశ్రాంత తెలుగు పండితులకును, హైదరాబాదులో ఆటోమేటిక్ గేర్‌బాక్సులను మాత్రమే విప్పి బాగుచేయు షెడ్డులో పనిచేయుచు శివరాత్రికి ఊరికి వచ్చిన వారి మేనల్లునికిని నడుమ జరిగిన వాదమిది. పండితులు మర్రిగూడ వైపు పల్లెలో పుట్టి, ఫ్లోరైడు కలిసిన బావినీళ్ళు త్రాగి పెరిగినవారు, వారి ఎడమ మోకాలు వంగదు, క్లచ్చు త్రొక్కలేరు. ఆటోమేటిక్ గేరు వారికి విలాసవస్తువు కాదు. ఒకరిని బ్రతిమాలుకొనకుండ తన ఊరు తాను తిరుగుటకు వారికి మిగిలిన సాధనమదొక్కటే. ఈ సంగతి మనస్సున నుంచుకొన్నచో, వారు ఆ బండి మీద మరియొకని చేయి పడనీయకపోవుటకు గల కారణము చదువరులకు తెలియగలదు.

మామ: అల్లుడా, నీ చేతిపని మీద నాకు గౌరవము లేక కాదు, కాని ఈ బండి జోలికి నీవు రావలదు. గేరు మారునప్పుడు అదరిపడుచున్న మాట నిజమే. పొద్దున స్టార్టు చేసి ‘డి’ లోనికి వేసినప్పుడు ఢబ్బుమని చప్పుడగుచున్న మాటయు నిజమే. ఐనను నడుచుచున్నది గదా! నడుచుచున్నదానిని విప్పించి నడువకుండ చేసికొన్నవారిని నేనెరుగుదును. నా తోడి ఉపాధ్యాయులొకరు ఇట్టి బండికే ఆయిలు మార్పించిరి. నెల తిరుగక మునుపే అది ముందుకు గాని వెనుకకు గాని కదలక ఇంటి ముందు నిలిచిపోయినది. కంపెనీ పుస్తకము తెరచి చూచితిని. సాధారణ వినియోగములో ఈ ఆయిలు మార్చనక్కరలేదని అందులో అచ్చుపడి యున్నది. చేసినవాడే మూత తీయవలదని చెప్పుచుండగా తీయవలెనని చెప్పుటకు నీవెవరవు, నేనెవరను?

అల్లుడు: మామా, ఆ వాక్యము పుస్తకములో నున్నది, కాదనను; కాని దాని క్రిందనున్న పట్టికను కూడ చదువవలెను. ఎక్కువ వేడిమి, దుమ్ము, మాటిమాటికి ఆగుచు కదలుచు పోవు రాకపోకలు, ఇంజిను పూర్తిగా వేడెక్కక మునుపే ముగియు చిన్న చిన్న ప్రయాణములు, వీటిని కఠిన వినియోగమని వేరుచేసి, వీటికి వేరు గడువులు వ్రాసియుందురు. ఎండాకాలమున 44 డిగ్రీలు చూచు ఈ నల్లగొండలో, ఇంటి నుండి క్లాక్‌టవరు దాక పోయి వచ్చు మీ బండి పుట్టినది మొదలు కఠిన వినియోగములోనే యున్నది. కార్ల కంపెనీలకు గేర్‌బాక్సులు చేసి ఇచ్చు జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ తన పెట్టెలకు 80,000 మొదలు 1,20,000 కిలోమీటర్ల లోపల, అంత తిరుగకపోయినను 8 ఏండ్లకు, ఆయిలు మార్చుమని చెప్పుచున్నది. ఆ పెట్టెలనే బిగించిన కొన్ని కార్లకు మాత్రము బండి ఉన్నంత కాలము అదే ఆయిలు చాలునని ప్రకటనలు వెలువడినవి. ఈ రెండు మాటలలో పెట్టెను చేసినవాని మాటయే నాకు ప్రమాణము. ఐనను, ఆయిలు మార్చుదమని నేనింకను అనలేదు. కుదుపు ఎప్పుడెప్పుడు వచ్చుచున్నదో మొదట చెప్పుడు.

మామ: ఎప్పుడు వచ్చిననేమి? గేరు మారునప్పుడు వచ్చుచున్నది గనుక దోషము గేర్‌బాక్సులోనే యున్నది. పర్వతము మీద పొగ కనబడినచో అచ్చట నిప్పున్నదని ఊహించుట తర్కశాస్త్రమున మొదటి పాఠము.

అల్లుడు: పొగయో, పొగమంచో తేల్చుకొన్న పిమ్మట గదా ఆ ఊహ నిలుచుట! మీరే నన్ను చిన్ననాడు చేయిపట్టుకొని ఛాయా సోమేశ్వరునికి తీసికొనిపోతిరి. గర్భాలయములో లింగము వెనుక గోడ మీద ప్రొద్దస్తమానము కదలక నిలుచు స్తంభపు నీడను చూపి, ఇది ఏ స్తంభానిదో చెప్పుమంటిరి. నేను ఎదుటి స్తంభమును చూపితిని. సూర్యుడు తూర్పున నుండి పడమటికి పోవుచుండ ఒక స్తంభపు నీడ ఒక్కచోటనే ఎట్లు నిలుచునని మీరు నన్నడిగితిరి. మండపములోనికి వేర్వేరు ప్రక్కల నుండి చొచ్చు వెలుగును స్తంభములన్నియు కలిసి అడ్డగించి పంచుట వలన ఆ నీడ ఏర్పడుచున్నదని, అది ఏ ఒక్కదానిదియు కాదని పరిశీలించినవారు చెప్పుదురు. ఈ కుదుపును అట్లే గేర్‌బాక్సు గోడ మీద కనబడుచున్న నీడ యనుకొనుడు. దానిని పుట్టించునవి వేరు వేరు చోట్ల ఉండవచ్చును.

మామ: ఉపమానము బాగున్నది, కాని ఉపమానముతో బండి బాగుపడదు. నేను తెలుగు చెప్పినవాడను. ఆ పెట్టెలో ఏమి జరుగుచున్నదో నాకు తెలియునట్లు చెప్పుము. అప్పుడు నీ మాట వినవలెనా వలదా నిర్ణయింతును.

అల్లుడు: మనిషి క్లచ్చు త్రొక్కి చేయు పనిని ఇందులో ఆయిలు చేయును. ఇంజినునకును గేర్లకును నడుమ టార్క్ కన్వర్టరు అను ఉక్కు డొల్ల యున్నది. దాని లోపల రెక్కల చక్రములు ఎదురెదురుగా నుండును. ఇంజిను ఒక చక్రమును త్రిప్పి ఆయిలును చిమ్మగా, ఆ తాకిడికి ఎదుటి చక్రము తిరుగును. ఇనుము ఇనుమును పట్టకుండ శక్తి చేతులు మారును. హెర్మన్ ఫ్యోటింగర్ అను జర్మను ఇంజినీరు 1905లో దీనికి పేటెంటు పొందినది ఓడల కొరకు. తనంత తాను గేర్లన్నియు మార్చు పెట్టెను కార్లలో పెట్టి విరివిగా అమ్మినవారు అమెరికాలోని జనరల్ మోటార్స్ వారు; 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లతో అది ఆరంభమైనది. ఇక ఆ డొల్ల వెనుక గ్రహచక్రముల గేర్లుండును. నడుమ ఒక చక్రము, దానిని చుట్టి తిరుగు చిన్న చక్రములు, వెలుపల ఒక వలయము, వీటిలో ఒకదానిని కదలనీయక పట్టి, వేరొకదానిని వదలినచో వేగము మారును. అట్లు పట్టునవి పలుచని క్లచ్చు ప్లేట్ల కట్టలు. ఆ కట్టలను నొక్కునది ఆయిలు ప్రెషరు. ఆ ప్రెషరు ఏ దారిని పోవలెనో వాల్వ్ బాడీ అను సన్నని కాలువల పలక నిర్ణయించును. ఆ కాలువలను తెరచి మూయునవి సోలనాయిడ్లను కరెంటు కవాటములు. వాటికి ఆజ్ఞ ఇచ్చునది కంప్యూటరు. గేరు మారుట యనగా ఒక కట్ట వదలుచుండగానే మరియొక కట్ట పట్టుట. ఇదంతయు ఒక్క సెకనుకంటె తక్కువ వ్యవధిలో ముగియవలెను. పాత కట్ట తొందరపడి వదలినచో ఇంజిను ఊరక గొంతెత్తి అరచును. క్రొత్త కట్ట తొందరపడి గట్టిగా పట్టినచో బండి అదరును.

మామ: అనగా నీ మాటల చొప్పునను దోషము ఆ కట్టలలోనే యున్నది గదా?

అల్లుడు: కట్టలలో నుండవచ్చును, కట్టలకు తప్పు కబురు పంపినవారిలోను ఉండవచ్చును. యాక్సిలరేటరు మీరెంత త్రొక్కితిరో త్రాటిల్ సెన్సరు చెప్పగా, ఆ లెక్కను బట్టి కంప్యూటరు ప్రెషరు పెంచును, తగ్గించును. మీరు మెల్లగా త్రొక్కినను గట్టిగా త్రొక్కితిరని సెన్సరు చెప్పినచో, కట్ట పటుక్కున పట్టును. ఇంజిను ఐడిలింగు హెచ్చుగా నున్నచో, నిలిచియున్న బండిని ‘డి’ లో వేయగానే దెబ్బ వినవచ్చును. స్పార్కు ప్లగ్గు సరిగా మండక ఇంజిను తడబడినను జనులు దానిని గేరు కుదుపనియే తలతురు. సోలనాయిడుకు పోవు తీగ తెగినను, దాని కనెక్టరు తుప్పు పట్టినను, కంప్యూటరు పెట్టెను కాపాడుటకై పెక్కు బండ్లలో మూడవ గేరులోనే నిలిపివేసి ప్రెషరును పూర్తిగా పెంచును. అప్పుడు బండి లేవలేక లేచును, గేరు వేసినప్పుడెల్ల గట్టి దెబ్బ తగులును. స్కానరు పెట్టి కోడు చదివి తీగను అతికినచో పోవు రోగమునకు గేర్‌బాక్సు దింపి బల్ల మీద పరచిన సందర్భములు మా షెడ్డుకు వచ్చినవి. అందుచేతనే అడుగుచున్నాను: కుదుపు ఎప్పుడెప్పుడు?

పండితులు ఇప్పుడు ఆలోచనలో పడిరి. ఒక్క కుదుపని తాము అనుకొన్నది రెండు కుదుపులని వారికి మాట్లాడుచుండగానే స్ఫురించినది. ఒకటి, నిలిచియున్న బండిని ‘డి’ లోనికో ‘ఆర్’ లోనికో వేసినప్పుడు వచ్చు దెబ్బ. మరియొకటి, వేగము తగ్గించి బండిని ఆపబోవునప్పుడు రెండవ గేరు నుండి మొదటికి దిగుచు వచ్చు అదురు. ఇది ఎండలో కొంతదూరము తిరిగిన తరువాతనే వచ్చును. రోగి తన రోగమును ఇట్లు విడమరచి చెప్పగలిగిన నాడు సగము చికిత్స జరిగినట్లే యని నా అభిప్రాయము. మన షెడ్లలో ఈ ప్రశ్నలడుగు ఓపిక కొరవడుటయే నాకు విచారము.

అల్లుడు బానెటు ఎత్తి నిలబెట్టి, మామను లోపల కూర్చుండబెట్టి, బ్రేకు గట్టిగా త్రొక్కి పట్టి ‘ఎన్’ నుండి ‘డి’ కి, తిరిగి ‘ఎన్’ కు, అటుపై ‘ఆర్’ కు మార్చుమనెను. తాను బండికి ఎదురుగా కాక ప్రక్కగా నిలిచి ఇంజినును చూచుచుండెను. ‘డి’ పడగానే ఇంజిను మొత్తము ఒక ప్రక్కకు ఒరిగి, పైకి లేచి, ఢబ్బుమని కూలబడెను. ‘ఆర్’ పడగానే రెండవ ప్రక్కకు. అల్లుడు టార్చి వేసి చూపగా, ఇంజినును బాడీకి బిగించు మౌంటింగులలో ఒకదాని రబ్బరు నడుమకు చిరిగి, ఇనుము ఇనుమును తాకి మెరుగెక్కి యుండెను. గేర్‌బాక్సునకు ఈ చప్పుడుతో సంబంధమే లేదు.

మామ: సరే, మొదటి కుదుపునకు కారణము తెలిసినది, నీ వాదమున కొంత బలమున్నదని ఒప్పుకొంటిని. మౌంటింగు మార్పింతును. రెండవదాని మాట? అది ఎండలో తిరిగిన తరువాతనే వచ్చుచున్నది. దానికి నీవు ఆయిలు మార్చవలెనందువు. అచ్చటనే నాకును నీకును పొత్తు కుదరదు.

అల్లుడు: మార్చక మునుపు కొలుతము. దీనిని కొలుచుట ఇంజిను ఆయిలు కొలిచినట్లు కాదు. ఇంజిను ఆపి చూడవలెననువారే మన ఊళ్లలో ఎక్కువ; కొన్ని కంపెనీల బండ్లకు అది సరియే, కాని మీ బండికిని, ఎక్కువ బండ్లకును చదునైన నేల మీద, బండి బాగుగా తిరిగి వేడెక్కిన పిమ్మట, ఇంజిను నడుచుచుండగానే, లివరును అన్ని స్థానముల మీదుగా ఒకమారు త్రిప్పి తెచ్చి, డిప్‌స్టిక్ తీసి పీచు రాలని బట్టతో తుడిచి, మరల ముంచి, ‘హాట్’ అను గీత దగ్గర చూడవలెను. చల్లగా నున్నప్పుడు చూచినవాడు తక్కువయని భ్రమపడి అధికముగా పోయును. అధికమైన ఆయిలు చక్రములలో పడి నురగ కట్టును. తక్కువైనను పంపు గాలిని పీల్చి నురగయే కట్టును. నురగకు ప్రెషరుండదు, ప్రెషరు లేక కట్ట ఆలస్యముగా పట్టి, పట్టునప్పుడు అదరిపడును.

ఆ విధముగానే కొలిచిరి. ఆయిలు గీతకు కొంచెము దిగువన నుండెను. అల్లుడు డిప్‌స్టిక్ కొన నుండి ఒక చుక్కను తెల్లకాగితము మీద విడిచెను. క్రొత్తది దానిమ్మగింజ ఎరుపున నుండునట. ఇది ముదురు చాయరంగులో నుండెను. అల్లుడు వ్రేలితో రాసి చూచెను, వాసన చూచెను, కాగితమును ఎండకు పట్టి మిలమిల మెరయు ఇనుపరజను ఉన్నదేమో పరికించెను. రజను లేదు, మాడు వాసనయు లేదు. పాలు కలిసినట్టి గులాబిరంగు నురగ ఉన్నదేమో కూడ చూచెను. అది యుండినచో రేడియేటరు నీళ్ళు గేర్‌బాక్సులోనికి చేరినవని అర్థమట. అదియు లేదు.

అల్లుడు: ముసలిదైనది గాని మాడిపోలేదు మామా. దీనిని మార్చవచ్చును, మార్చవలెను.

మామ: ఇక్కడ నిలువుము. పట్టణములోని అనుభవజ్ఞులు చెప్పు మాటొకటి యున్నది. అరిగిన ప్లేట్ల పొడి పాత ఆయిలులో కలిసియుండి, ఆ పొడియే ఇసుక వలె పట్టునిచ్చుచుండును. క్రొత్త ఆయిలు పోసినచో ఆ పట్టు పోయి ప్లేట్లు జారును. ఇది వారి సిద్ధాంతము. నా స్నేహితుని బండి విషయములో జరిగినది ఇదే గదా! చూచిన దృష్టాంతమును కాదని నీ యుక్తిని నేనెట్లు నమ్ముదును?

అల్లుడు: ఆ దృష్టాంతమును నేను కాదనను, దాని కారణమును మాత్రము వేరుగా చెప్పుదును. ఆయన ఆయిలు ఎప్పుడు మార్పించిరి? బండి జారుట మొదలుపెట్టిన పిమ్మటనే యుండును. గేరు పడిన తరువాత ఇంజిను అరచుచు బండి కదలకుండుట జారుట. మీది జారుట కాదు, అదురు. ప్లేట్లు మాడి, మీది పొర రాలిపోయిన పెట్టెలో ఏ ఆయిలు పోసినను ప్రయోజనము లేదు. ఆ స్థితిలో మార్చినవాడు చావు దగ్గర పడిన రోగికి మందు పోసిన వైద్యుడై నింద మోయును. పైగా వారు యంత్రము పెట్టి తోడించి యుందురు.

మామ: అవును, యంత్రమే! ఒక గొట్టము గుండా పాతది లాగి, వేరొక గొట్టము గుండా క్రొత్తది త్రోసిరట. అంతయు ఒక్కసారి శుభ్రమగునని చెప్పిరట.

అల్లుడు: ఆ పని పాత బండికి నేనును చేయను. ఏండ్ల తరబడి మూలలలో కదలక కూర్చున్న మడ్డిని ఆ త్రోపు లేపి వాల్వ్ బాడీ కాలువలలోనికి తోలును. ఆ కాలువలలో కవాటములు జరుగు సందు వెంట్రుకవాసి. మడ్డి చేరినచో కవాటము అంటుకొని నిలిచిపోవును. మెల్లగా చేయు పద్ధతి వేరు. క్రింది ప్లగ్గు విప్పి తనంత దిగినంత దింపి, దిగినదానిని కొలిచి, మట్టము తక్కువైన మేర కలిపి క్రొత్తది పోయుట. సుమారు ఆరు లీటర్లు పట్టు మీ పెట్టెలో అట్లు దిగునది ఇంచుమించు సగమే. మిగిలినది టార్క్ కన్వర్టరులో నిలిచిపోవును. కొన్ని వారములు నడిపి మరల సగము, మరికొన్ని వారములకు మరల సగము. మొదటిమారు సగము క్రొత్తది, రెండవమారు నాలుగింట మూడు పాళ్లు, మూడవమారు ఎనిమిదింట ఏడు పాళ్లు. లోపలి భాగములకు ఒక్కసారిగా మార్పు తగలదు. నడుమ ఏదైన తేడా కనబడినచో అక్కడనే ఆపవచ్చును. అడుగు పళ్లెములోని అయస్కాంతమును తీసి చూడవచ్చును. దానికి బూడిదరంగు మెత్తని ముద్ద అంటియుండుట సహజమైన అరుగుదల, సూదుల వంటి తునకలుండినచో ప్రమాదము.

ఇక్కడ నేను పండితుల పక్షమున ఒక మాట చెప్పవలెను. వారి భయము మూఢత్వము కాదు. యంత్రముతో తోడించుకొని నష్టపడినవారి అనుభవమే వారి సిద్ధాంతమునకు మూలము. వారి కారణము తప్పైనను వారి జాగ్రత్త సరియైనది. పనిచేయు యువకులు పెద్దల మాటలోని తప్పును మాత్రమే చూచి, ఆ మాట వెనుకనున్న దెబ్బను చూడకపోవుట వలననే షెడ్డునకును యజమానికిని నడుమ నమ్మకము చెడుచున్నది.

మామ: మెల్లగా మార్చు పద్ధతి నా మనస్సునకు పట్టినది. ఆయిలు ఇచ్చటనే కొనవచ్చునా? మన పవర్ స్టీరింగులో పోయు ఎర్ర నూనె బజారులో దొరకుచున్నది గదా, అదియు ఇదియు ఒక్కటేనని దుకాణదారు చెప్పినాడు.

అల్లుడు: ఎరుపు రంగును చూచి మోసపోవలదు మామా. కారినప్పుడు ఇంజిను ఆయిలు కాదని గుర్తు తెలియుటకై కలిపిన రంగది. గుణము దానిలో లేదు. ఈ నూనె చేయవలసిన పని విచిత్రమైనది. గేర్లు అరగకుండ జారుడునీయవలెను. అదే క్షణమున క్లచ్చు ప్లేట్లకు తగినంత పట్టునీయవలెను. ఆ పట్టు ఎంత యుండవలెనో ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క కొలతగా నిర్ణయించి, దానికి తగిన నూనెకు ఒక పేరు పెట్టినది. పుస్తకములోనో డిప్‌స్టిక్ మీదనో ఆ పేరు ఉండును. దీని గంభీరత తెలియుటకు ఒక్క సంగతి చెప్పుదును. 1970 దశకపు తొలి యేండ్ల వరకు అమెరికాలో ఈ నూనెలో స్పెర్మ్ తిమింగలపు నూనెను కలిపెడివారు, మృదువుగా పట్టునిచ్చు గుణము దానికుండుట చేత. ఆ తిమింగలములు నశించిపోవుచున్నవని చట్టము అడ్డుపడిన పిమ్మట, దానికి బదులు కృత్రిమ ద్రవ్యములను కనుగొనవలసి వచ్చినది. గేరు మెత్తగా మారుటకు సముద్రములోని తిమింగలమును వేటాడినారనిన, ఆ నూనెలోని పట్టుగుణము ఎంత ముఖ్యమో ఊహించుడు. ఏదో ఒక ఎర్ర నూనె పోసినచో మీ అదురు పెరుగునే గాని తగ్గదు.

మామ: పాపము, ఆ జీవములు! ... సరే, సరియైనదానినే నీవు పట్టణము నుండి పంపుము. మరి ఎండలోనే అదురు వచ్చుటకు హేతువేమి? పాత నూనెయే కారణమైనచో చలికాలపు ఉదయము కూడ రావలెను గదా!

అల్లుడు: మంచి ప్రశ్న. గేర్‌బాక్సు నూనె చల్లబడునది మీ రేడియేటరులోనే. దాని అడుగుతొట్టిలో ఒక గొట్టము గుండా నూనె పోయి వచ్చుచుండును. రేడియేటరులో ఏమి పోయుచున్నారు?

మామ: బోరు నీళ్ళు. మరేమి పోయుదును?

అల్లుడు: అది ఆపవలెను. మన బోరు నీళ్ళ లవణములు వేడికి విడివడి గొట్టముల లోపల సున్నపుపొరగా పేరుకొనును. ఆ పొర వేడిని వెలుపలికి పోనీయదు. ఇంజిను ముల్లు ఎరుపునకు పోకపోయినను, లోపలి నూనె తనకు తగిన 80, 90 డిగ్రీలను దాటి పోవును. వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడెల్ల నూనె చెడు వేగము ఇంచుమించు రెండింతలగును. పలుచబడిన నూనె అరిగిన సీళ్ళ సందుల గుండా జారిపోయి, ప్రెషరు తగ్గి, కట్టలు పట్టు సమయము తప్పును. ఎండలో తిరిగిన తరువాతనే మీకు అదురు వచ్చుట ఇందుచేతనే యని నా అనుమానము. రేడియేటరు శుభ్రము చేయించి, కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో కలిపి పోయించుడు.

పండితులు కొంతసేపు మాటాడలేదు. తరువాత మెల్లగా, ‘నా ఎముకలను పట్టిన నీళ్ళను చూచియు, బండికి అవే పోసితిని’ అనిరి. ఫ్లోరైడును తొలగించుటకు పటికయు సున్నమును వాడు పద్ధతికి ప్రపంచమంతట ‘నల్లగొండ టెక్నిక్’ అను పేరు నిలిచిన జిల్లా ఇది; నీటి విషయమున ఈ మాట ఇక్కడివారి నోట వినినప్పుడు దానికి ప్రత్యుత్తరము చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు.

మామ: ఇక తుది సందేహము. ఇంత చేసినను అదురు పోకపోయినచో? అప్పుడు గేర్‌బాక్సు దింపుమందువు. దానికగు ఖర్చు ఈ బండి ధరను మ్రింగివేయును. ఇంకొక యేడాదికి పదునైదేండ్లు నిండును. రిజిస్ట్రేషను తిరిగి చేయించుకొనవలెను. అంతకంటె ఇప్పుడే బేరగానికి అమ్మివేయుట మేలు కాదా? ప్రక్కవీథిలోని వారు క్రొత్తగా ఆటోమేటిక్ కారు కొన్నారు.

అల్లుడు: వారు కొన్నది వేరు జాతి మామా. 2014లో మారుతి సెలెరియోతో మన దేశమునకు వచ్చిన ఏఎంటీ పద్ధతి అది; మామూలు గేర్‌బాక్సునకే క్లచ్చు త్రొక్కు పనిని, గేరు మార్చు పనిని మోటారుకు అప్పగించినారు. అందులో గేరు మారునప్పుడు చిన్న విరామము సహజముగనే యుండును. దానిని రోగమనుకొని బాగుచేయబోవుటయు పొరపాటే. ఇక మీ ప్రశ్న. ప్లేట్లు పోయిన మాట నిజమని తేలినచో నేనును ఖర్చు పెట్టుమనను. రిజిస్ట్రేషను గడువు ముగిసిన పిదప ఫిట్‌నెస్ చూపి ఐదేండ్లకు పొడిగించుకొనవచ్చును. ఆ ఐదేండ్ల వాడుక కొరకు ఓవర్‌హాలు ఖర్చు తగునా తగదా మీరే లెక్క చూచుకొనుడు. కాని మౌంటింగు, కూలెంటు, ఆయిలు, వీటికగు ఖర్చు ఓవర్‌హాలులో చిన్న భాగము. దానిని చేయకయే అమ్ముట తొందరపాటు. అమ్మినను కుదుపు సంగతి చెప్పియే అమ్మవలెను.

మామ: చెప్పకుండ అమ్ముట నా చేత కాదు, ఆ బోధ నాకక్కరలేదు. చెప్పినచో బేరగాడు సగము ధర యిచ్చును. (కొంత ఆగి) నా షరతులు వినుము. యంత్రము పెట్టి తోడనీయను. దింపిన ఆయిలు నా కన్నుల ఎదుట కొలువవలెను. అయస్కాంతము నాకు చూపవలెను. సూదులు కనబడినచో అక్కడనే ఆపవలెను.

అల్లుడు: ఈ నాలుగు షరతులును పెట్టు యజమాని దొరకుట మా వృత్తికి అదృష్టము మామా.

ఎండాకాలము వెళ్లిన పిదప నేను పానగల్లు పోయినప్పుడు విచారించితిని. మౌంటింగు మార్చగానే ‘డి’ లో పడు చప్పుడు పోయినదట. ఆయిలు రెండుమార్లు దింపి పోసినారు. మూడవమారు ఇంకను కావలసి యున్నది. అయస్కాంతము మీద మెత్తని ముద్ద తప్ప తునకలు లేవు. రెండు నుండి ఒకటికి దిగునప్పుడు అదురు చాలవరకు తగ్గినను పూర్తిగా పోలేదు. బ్రేకును కొంచెము ముందుగా, మెల్లగా త్రొక్కి పండితులు దానితో కాపురము చేయుచున్నారు. ఆ మాత్రపు అదురు కొరకు పెట్టెను విప్పుట వలదని ఇప్పుడు అల్లుడే చెప్పుచున్నాడు. వాదమున ఎవరు గెలిచిరని అడిగినచో, పరీక్ష విషయమున అల్లుడును, చికిత్స వేగము విషయమున మామయు గెలిచిరని నా తీర్పు.

పాత ఆటోమేటిక్ బండి కొనబోవు చదువరులకు నా విన్నపము. ఉదయము ఇంజిను చల్లగా నున్నప్పుడే పోయి చూడుడు. మీరు చేరునప్పటికే బండిని వేడెక్కించి యుంచినచో మరునాడు వత్తుమని చెప్పి తిరిగి రండు. బ్రేకు త్రొక్కి ‘డి’ కి, ‘ఆర్’ కు మీ చేతితోనే మార్చి చూడుడు. ఆయిలు చుక్కను తెల్లకాగితము మీద వేసి చూడుడు. ఇప్పటికే బండి గలవారు, గేర్‌బాక్సు దింపవలెనని ఏ షెడ్డువారైన చెప్పినచో, ఆయిలు మట్టము, మౌంటింగుల స్థితి, స్కానరు చూపిన కోడు, ఈ మూడింటిని కాగితము మీద వ్రాసి ఇమ్మని అడుగుడు. వ్రాసి ఇయ్యని చోట తాళము చేతికీయకుడు.